ప్రెజెంట్ పర్ఫెక్ట్ ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు: సీమ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడపలలో పోటీ పరీక్షలకూ ఇంటర్వ్యూలకూ తయారయ్యేవాళ్లు ఇంగ్లీషు టెన్సులన్నిట్లోకీ ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఫార్ములా అందరికీ నోటికి వచ్చు. ఎప్పుడు వాడాలన్నదే తేలదు. కింది ప్రశ్నలన్నీ ఆ "ఎప్పుడు" చుట్టూ తిరిగేవే. ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలోనే ఇచ్చాం. వాటిని మనసులో కాకుండా పైకి చదవండి.

ప్రెజెంట్ పర్ఫెక్ట్, ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యుయస్ రెండిటి నిర్మాణం ఒక్కసారి చెప్పండి.

మామూలు ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కు హ్యావ్ లేదా హ్యాజ్, దాని వెనక క్రియ మూడో రూపం, అంటే మన బళ్లలో వీ3 అనేది: "ఐ హ్యావ్ ఫినిష్డ్", "షి హ్యాజ్ లెఫ్ట్". కంటిన్యుయస్‌కు హ్యావ్ బీన్ లేదా హ్యాజ్ బీన్, వెనక ఐఎన్‌జీ రూపం: "ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్".

ఐ, యు, వి, దే, బహువచన నామాలకు హ్యావ్. హి, షి, ఇట్, ఏకవచన నామాలకు హ్యాజ్. ఇంతవరకు ఎవరూ తప్పరు. జారేది "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్" దగ్గర. పక్కనే ఉన్న ఫ్రెండ్స్‌ను చూసి హ్యావ్ అనేస్తారు. కర్త వన్, కాబట్టి "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ హ్యాజ్ గాట్ ఎ జాబ్". ఎవ్రీబడీ, న్యూస్ కూడా ఏకవచనాలే, హ్యాజ్ పడుతుంది. పొలీస్ మాత్రం బహువచనం: "ద పొలీస్ హ్యావ్ అరెస్టెడ్ టూ మెన్".

ప్రశ్నలో హ్యావ్ ముందుకు వస్తుంది: "హ్యావ్ యు ఫినిష్డ్?" దీనికి డిడ్, డజ్ తగిలించకూడదు. "డిడ్ యు హ్యావ్ ఫినిష్డ్?", "డజ్ హి హ్యాజ్ కమ్?" రెండూ తప్పులే.

"తిన్నాను" అంటే "ఐ ఏట్" అనాలా, "ఐ హ్యావ్ ఈటెన్" అనాలా?

రెండూ కావచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. తెలుగు క్రియ "పని అయిందా, కాలేదా" అని చూస్తుంది. ఇంగ్లీషు దానితో పాటు "మనం మాట్లాడే కాలం ముగిసిపోయిందా, ఇంకా తెరిచే ఉందా" అని కూడా చూస్తుంది. కాలం ముగిస్తే సింపుల్ పాస్ట్. కాలం ఇప్పటిదాకా సాగుతూ ఉంటే, లేదా జరిగిన పని ఫలితం ఇప్పటికి తగులుతూ ఉంటే ప్రెజెంట్ పర్ఫెక్ట్.

మధ్యాహ్నం చుట్టం ఇంటికి వచ్చాడు. "భోజనమైందా?" అని అడుగుతాం. అడిగేది ఆయన తిన్న పూట చరిత్ర తెలుసుకోవడానికి కాదు, ఇప్పుడు విస్తరి వేయాలా వద్దా అని. అందుకే ఇంగ్లీషులో "హ్యావ్ యు ఈటెన్?", జవాబు "యెస్, ఐ హ్యావ్". ఆ వెంటనే "ఏం తిన్నావు?" అంటే మాట ఆ పూట మీదికి, అయిపోయిన సంగతి మీదికి పోయింది. అప్పుడు "వాట్ డిడ్ యు ఈట్?", జవాబు "ఐ ఏట్ ఉగ్గాని అండ్ బజ్జి". ఒకే తిండి, రెండు టెన్సులు. మొదటి ప్రశ్న పర్ఫెక్ట్‌లో తెరుచుకుంటుంది. ఎప్పుడు, ఎక్కడ, ఏమిటి అనే వివరాలకు వచ్చేసరికి సింపుల్ పాస్ట్‌లోకి దిగుతుంది.

ఇంగ్లీషు పేపర్ల వార్తలు కూడా ఇలాగే నడుస్తాయి. మొదటి వాక్యం "హెవీ రెయిన్ హ్యాజ్ డ్యామేజ్డ్ ద గ్రౌండ్‌నట్ క్రాప్" అని ఉంటుంది. రెండో వాక్యం నుంచి "ద రెయిన్ బిగ్యాన్ ఆన్ ట్యూజ్‌డే నైట్" అని మారిపోతుంది. రోజూ ఒక వార్త తీసుకుని మొదటి రెండు వాక్యాలలో క్రియల కింద గీత గీయండి. పది రోజులు చేస్తే ఈ మలుపు కంటికి పట్టుబడుతుంది.

మన సీమ యాసలో దీనికి సమానమైన రూపం ఉందా?

ఉంది, దాన్నెవరూ వాడుకోరు. "వచ్చినాడు", "వచ్చిండాడు" అని మనం రెండు రకాలుగా అంటాం. "మామ వచ్చినాడు" అంటే రావడం జరిగింది. "మామ వచ్చిండాడు" అంటే వచ్చాడు, ఇప్పుడు ఇక్కడే ఉన్నాడు. ఈ రెండోదే "అంకుల్ హ్యాజ్ కమ్". "గండికోట చూసిండావా?" అంటే ఎప్పుడో ఒకప్పుడు చూసిన అనుభవం ఉందా అని. అదే "హ్యావ్ యు ఎవర్ సీన్ గండికోట?" "ఇండాను, ఇండావు, ఇండాడు" అని నోటికి వచ్చినచోట హ్యావ్ లేదా హ్యాజ్ పెట్టి చూడండి. చాలాచోట్ల సరిపోతుంది.

ఒక్కచోట మాత్రం ఈ పోలిక మోసం చేస్తుంది. మనం "నిన్ననే వచ్చిండాడు" అని హాయిగా అంటాం. ఇంగ్లీషులో "హి హ్యాజ్ కమ్ యెస్టర్‌డే" కుదరదు. నిన్న అనే మాట వాక్యంలోకి రాగానే "హి కేమ్ యెస్టర్‌డే" అయిపోవాలి.

హ్యాజ్ గాన్, హ్యాజ్ బీన్ రెండూ "వెళ్లాడు" అనేగా? తేడా ఏమిటి?

ఇది కూడా సీమ మాటలో తేలిగ్గా తేలుతుంది. "పోయిండాడు" అంటే గాన్, "పోయొచ్చినాడు" అంటే బీన్.

"మై బ్రదర్ హ్యాజ్ గాన్ టు బెంగళూరు": పోయాడు, ఇంకా అక్కడే ఉన్నాడు, లేదా దారిలో ఉన్నాడు. "మై బ్రదర్ హ్యాజ్ బీన్ టు బెంగళూరు": పోయి తిరిగొచ్చాడు, ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడు. కాబట్టి "ఐ హ్యావ్ గాన్ టు తిరుపతి" అని ఎదురుగా నిలబడి చెబితే వినేవాడు నవ్వుతాడు; తిరుపతిలో ఉన్న మనిషి ఇక్కడెలా మాట్లాడుతున్నాడని. మీరు మీ గురించి చెప్పేటప్పుడు దాదాపు ఎప్పుడూ "ఐ హ్యావ్ బీన్ టు" అనే వస్తుంది.

ఇంకొక చిన్న సంగతి. పోయిన చోటికి బీన్ తర్వాత టు వస్తుంది. ఉంటున్న చోటికి ఇన్: "ఐ హ్యావ్ బీన్ ఇన్ కడప సిన్స్ మండే", అంటే సోమవారం నుంచి కడపలోనే ఉన్నాను.

ఇంటర్వ్యూలో "ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2021" అన్నాను. తప్పేముంది?

సెల్ఫ్ ఇంట్రడక్షన్‌లో అన్నిటికన్నా ఎక్కువగా వినపడే తప్పు ఇదే. 2021 ముగిసిపోయిన సంవత్సరం. ముగిసిన కాలాన్ని పేరు పెట్టి చెప్పాక పర్ఫెక్ట్ చెల్లదు. "ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2021" అనండి. సంవత్సరం చెప్పదలచుకోకపోతే "ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ" నిక్షేపంగా సరైనదే.

యెస్టర్‌డే, లాస్ట్ వీక్, లాస్ట్ ఇయర్, టూ డేస్ అగో, ఇన్ 2019, ఎట్ టెన్ ఓక్లాక్, వెన్ ఐ వజ్ ఇన్ టెన్త్ క్లాస్: ఇవన్నీ పర్ఫెక్ట్‌కు తలుపు మూసేసే మాటలే. అగో ఉన్న వాక్యంలో హ్యావ్ కనపడితే ఎర్రర్ స్పాటింగ్‌లో, అంటే వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల్లో, ఇక ఆలోచించక్కర్లేదు, అక్కడే తప్పు.

మన ఊళ్ల సంగతులతో చూడండి. కర్నూలు 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్ర రాజధాని. అది ముగిసిన కాలం: "కర్నూల్ వజ్ ద క్యాపిటల్ ఆఫ్ ఆంధ్రా స్టేట్ ఫ్రమ్ 1953 టు 1956". అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడివడి ఏర్పడింది, నేటికీ జిల్లాయే: "అనంతపూర్ హ్యాజ్ బీన్ ఎ డిస్ట్రిక్ట్ సిన్స్ 1882". నంద్యాల 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా అయింది. ఏర్పడిన క్షణం చెబితే "నంద్యాల్ బికేమ్ ఎ డిస్ట్రిక్ట్ ఇన్ ఏప్రిల్ 2022", అప్పటి నుంచి ఉన్న స్థితి చెబితే "నంద్యాల్ హ్యాజ్ బీన్ ఎ డిస్ట్రిక్ట్ సిన్స్ ఏప్రిల్ 2022". ఒకే తేదీకి ఇన్ పెడితే పాస్ట్, సిన్స్ పెడితే పర్ఫెక్ట్.

టుడే, దిస్ మార్నింగ్, దిస్ వీక్ ఉంటే ఏ టెన్సు?

గడియారం చూసి చెప్పాలి. పొద్దున 11 గంటలకు "ఐ హ్యావెంట్ సీన్ హిమ్ దిస్ మార్నింగ్", ఎందుకంటే పొద్దు ఇంకా నడుస్తోంది. సాయంత్రం 4 గంటలకు అదే మాట "ఐ డిడింట్ సీ హిమ్ దిస్ మార్నింగ్" అవుతుంది. మనిషీ అదే, పొద్దూ అదే. తలుపు మాత్రం మూసుకుపోయింది.

టుడే, దిస్ వీక్, దిస్ ఇయర్ ఇంకా సాగుతున్న కాలాలు కాబట్టి ఇప్పటివరకు ఎంత అయిందో చెప్పేటప్పుడు పర్ఫెక్ట్ బాగా కుదురుతుంది: "ఐ హ్యావ్ హ్యాడ్ త్రీ కప్స్ ఆఫ్ టీ టుడే". సో ఫార్, అప్ టు నౌ, లేట్లీ, ఇన్ ద లాస్ట్ టూ ఇయర్స్ కూడా ఇదే జట్టు. లాస్ట్ ఇయర్‌కూ ఇన్ ద లాస్ట్ ఇయర్‌కూ తేడా గమనించండి. మొదటిది పోయిన సంవత్సరం, ముగిసింది. రెండోది ఇవాళ్టితో కలిసే గత పన్నెండు నెలలు.

సిన్స్, ఫర్ ఎప్పుడూ కలగలిసిపోతున్నాయి. "నుంచి" అంటే సిన్స్ కదా?

తెలుగు "నుంచి" రెండు పనులు చేస్తుంది. "2015 నుంచి" అన్నా, "పదేళ్ల నుంచి" అన్నా మనకు ఒకటే మాట. ఇంగ్లీషులో మొదటిది ఒక బిందువు, రెండోది ఒక నిడివి. బిందువుకు సిన్స్, నిడివికి ఫర్.

బిందువులు: 2015, మండే, నైన్ ఓక్లాక్, దిస్ మార్నింగ్, ఉగాది, చైల్డ్‌హుడ్. నిడివులు: టెన్ ఇయర్స్, టూ అవర్స్, ఎ లాంగ్ టైమ్. తేల్చుకోలేకపోతే ఆ మాటను క్యాలెండర్ మీదో గడియారం మీదో వేలు పెట్టి చూపగలరా అని చూడండి. ఉగాదిని చూపగలరు, సిన్స్. "పదేళ్లు" ఎక్కడని చూపిస్తారు? ఫర్.

"సిన్స్ టెన్ ఇయర్స్", "సిన్స్ ఎ లాంగ్ టైమ్" మన దగ్గర బోర్డుల మీద, రెజ్యూమెలలో కూడా కనపడతాయి. రెండూ తప్పే. "ఫ్రమ్ పాస్ట్ త్రీ ఇయర్స్" ఇంకా పెద్ద తప్పు. "ఫర్ ద పాస్ట్ త్రీ ఇయర్స్" అని ద కూడా పెట్టి రాయాలి. ఫ్రమ్‌కు సాధారణంగా అవతలి గట్టు కూడా కావాలి: "ఐ వర్క్‌డ్ దేర్ ఫ్రమ్ 2017 టు 2020". ఇటు మొదలై అటు ముగిసింది కాబట్టి సింపుల్ పాస్ట్.

సిన్స్ వెనక ఒక చిన్న వాక్యం కూడా రావచ్చు. అది మొదలైన బిందువు చెబుతుంది కనుక మామూలుగా సింపుల్ పాస్ట్‌లో ఉంటుంది: "ఐ హ్యావ్ మేడ్ మెనీ ఫ్రెండ్స్ సిన్స్ ఐ కేమ్ టు అనంతపూర్". ఆల్ డే, ఆల్ మై లైఫ్ అన్నప్పుడు సిన్స్ అక్కర్లేదు: "ఐ హ్యావ్ లివ్డ్ హియర్ ఆల్ మై లైఫ్".

"ఎప్పటి నుంచి?" అని అడగాలంటే "హౌ లాంగ్ హ్యావ్ యు బీన్ వర్కింగ్ హియర్?" అనండి. "సిన్స్ హౌ లాంగ్", "ఫ్రమ్ వెన్ ఆర్ యు వర్కింగ్" అనకూడదు.

"ఐ యామ్ లివింగ్ ఇన్ కడప సిన్స్ 2018" అని అందరూ అంటారు. అందరూ తప్పేనా?

ప్రామాణిక ఇంగ్లీషు లెక్కన తప్పే. భారతదేశంలో చాలామంది మాట్లాడే ఇంగ్లీషులో ఇది స్థిరపడిపోయింది, అర్థం కాకపోవడం అంటూ ఉండదు. అయినా పరీక్ష పేపర్ దిద్దేవాడు మార్కు ఇవ్వడు.

కారణం మన భాషలోనే ఉంది. "కడపలో ఉంటాండాను", "2018 నుంచి కడపలో ఉంటాండాను": తెలుగులో "నుంచి" చేరినా క్రియ మారదు. ఇంగ్లీషులో మారాలి. "ఐ యామ్ లివింగ్" ఇప్పటి సంగతి మాత్రమే చెప్పగలదు. వెనక్కి చూసే శక్తి దానికి లేదు. వెనక నుంచి ఇప్పటిదాకా వస్తున్న పనికి "ఐ హ్యావ్ బీన్ లివింగ్ ఇన్ కడప సిన్స్ 2018", లేదా "ఐ హ్యావ్ లివ్డ్". లివ్, వర్క్, టీచ్, స్టడీ వంటి క్రియలకు రెండు రూపాలూ దాదాపు ఒకే అర్థమిస్తాయి. తాత్కాలికం అనిపించేదానికి కంటిన్యుయస్ వైపు, స్థిరం అనిపించేదానికి మామూలు పర్ఫెక్ట్ వైపు మొగ్గు ఉంటుంది, అంతే.

దిద్దుకునే ఉపాయం: మీరు రాసిన ప్రతి కాగితంలో సిన్స్ అనే మాట వెతకండి. దానికి ముందున్న క్రియ యామ్, ఈజ్, ఆర్‌తో ఉంటే కొట్టేసి హ్యావ్ బీన్ లేదా హ్యాజ్ బీన్ పెట్టండి. "సిన్స్" అంటే "కాబట్టి" అనే అర్థంలో వచ్చినచోట మాత్రం ముట్టుకోకండి.

అలాగైతే హ్యావ్ డన్, హ్యావ్ బీన్ డూయింగ్ రెండిటిలో ఎప్పుడేది?

చాప మీద శెనక్కాయల గిన్నె పెట్టి బయటికి పోయి వచ్చారనుకోండి. తిరిగొచ్చి చూస్తే పొట్టు చుట్టూ పడి ఉంది, గిన్నెలో సగం కాయలు ఉన్నాయి. "హూ హ్యాజ్ బీన్ ఈటింగ్ మై గ్రౌండ్‌నట్స్?" అంటారు. పని నడిచింది, ఆనవాలు ఉంది, పూర్తి కాలేదు. గిన్నె ఖాళీగా ఉంటే "హూ హ్యాజ్ ఈటెన్ మై గ్రౌండ్‌నట్స్?" పని పూర్తయింది, ఫలితం కళ్లెదుట ఉంది.

ఈ గిన్నెలోనే సూత్రమంతా ఉంది. ఎంతసేపు, ఏం చేస్తూ అన్నదానికి కంటిన్యుయస్. ఎన్ని, ఎంత, అయిందా అన్నదానికి మామూలు పర్ఫెక్ట్. "ఐ హ్యావ్ బీన్ రీడింగ్ సిన్స్ దిస్ మార్నింగ్", "ఐ హ్యావ్ రెడ్ త్రీ చాప్టర్స్". "ఐ హ్యావ్ బీన్ రీడింగ్ త్రీ చాప్టర్స్" అనకూడదు; పూర్తయిన లెక్క, సాగుతున్న క్రియ ఒకచోట ఇమడవు.

కంటిన్యుయస్ వాడటానికి పని ఈ క్షణంలో నడుస్తూనే ఉండాలన్న నియమం లేదు. ఇప్పుడే ఆగి, ఆనవాలు మిగిలినా చాలు. వాన వెలిసింది, వాకిలి తడిగా ఉంది: "ఇట్ హ్యాజ్ బీన్ రెయినింగ్". చేతులు మండుతున్నాయి, ఎందుకంటే: "ఐ హ్యావ్ బీన్ గ్రైండింగ్ చిల్లీస్".

"రెండు నెలల నుంచి వాడు కనపడలేదు" వంటి లేదు వాక్యాలకు మామూలు పర్ఫెక్టే: "ఐ హ్యావెంట్ సీన్ హిమ్ ఫర్ టూ మంత్స్".

"ఐ హ్యావ్ బీన్ నోయింగ్ హిమ్" అంటే కొట్టేశారు. సిన్స్ ఉందిగా?

సిన్స్ ఉన్నా, కొన్ని క్రియలు ఐఎన్‌జీ రూపాన్ని ఒప్పుకోవు. అవి పనులు కావు, స్థితులు. నో, అండర్‌స్టాండ్, బిలీవ్, లైక్, హేట్, ఓన్, బిలాంగ్, నీడ్, సొంతానికి ఉండటం అనే అర్థంలో హ్యావ్: వీటికి మామూలు పర్ఫెక్టే గతి. "ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్". బి క్రియ కూడా అంతే: "షి హ్యాజ్ బీన్ అవర్ హెడ్‌మిస్ట్రెస్ సిన్స్ 2018". ఇక్కడ బీన్ తర్వాత ఐఎన్‌జీ లేదని కంగారు పడొద్దు. బీన్ అనేదే ఇక్కడ వీ3.

"హ్యావ్ హ్యాడ్" చూసి అచ్చుతప్పు అనుకునేవాళ్లున్నారు. మొదటి హ్యావ్ టెన్సుది, రెండో హ్యాడ్ "ఉండటం" అనే క్రియకు వీ3. "ఐ హ్యావ్ హ్యాడ్ దిస్ బైక్ ఫర్ సిక్స్ ఇయర్స్": ఈ బండి ఆరేళ్ల నుంచి నా దగ్గర ఉంది. "హి హ్యాజ్ హ్యాడ్ ఫీవర్ సిన్స్ సండే". డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే ఈ ఒక్క వాక్యం చాలా పని చేస్తుంది.

జస్ట్, ఆల్రెడీ, యెట్, స్టిల్ ఎక్కడ పెట్టాలి?

జస్ట్, ఆల్రెడీ రెండూ హ్యావ్‌కూ వీ3కీ మధ్య: "ద బస్ హ్యాజ్ జస్ట్ లెఫ్ట్", "ఐ హ్యావ్ ఆల్రెడీ పెయిడ్". యెట్ ప్రశ్నల్లో, లేదు వాక్యాల్లో చివర: "ద బస్ హ్యాజెంట్ కమ్ యెట్". స్టిల్ హ్యాజెంట్‌కు ముందు: "ద బస్ స్టిల్ హ్యాజెంట్ కమ్". తెలుగులో రెండూ "బస్సు ఇంకా రాలేదు" అనే అవుతాయి. కానీ స్టిల్‌లో విసుగు వినిపిస్తుంది.

జస్ట్ నౌ మాత్రం వేరు. దానికి "కాసేపటి క్రితం" అనే అర్థం ఉంది కాబట్టి సింపుల్ పాస్ట్ పడుతుంది: "హి లెఫ్ట్ జస్ట్ నౌ". మన "ఇప్పుడే పోయినాడు"కు "హి హ్యాజ్ జస్ట్ లెఫ్ట్", "హి లెఫ్ట్ జస్ట్ నౌ" రెండూ సరే, రెండూ కలిపేస్తే మాత్రం కాదు.

ఎవర్ ప్రశ్నకు, నెవర్ లేదు అనడానికి: "ఐ హ్యావ్ నెవర్ బీన్ టు బెలుం కేవ్స్". నెవర్‌లోనే లేదు ఉంది. "ఐ హ్యావెంట్ నెవర్ బీన్" అంటే రెండు లేదులు.

"ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి" అని ఎలా చెప్పాలి?

"దిస్ ఈజ్ ద ఫస్ట్ టైమ్ ఐ హ్యావ్ కమ్ హియర్". "ఐ యామ్ కమింగ్ ఫస్ట్ టైమ్" అనకండి. రెండోసారి, మూడోసారి అయినా ఇదే అచ్చు.

చనిపోయినవాళ్ల గురించి పర్ఫెక్ట్ వాడకూడదంటారు, నిజమా?

నిజమే, కారణం కూడా అదే తలుపు. తెలుగు నిఘంటువు కూర్చిన సీపీ బ్రౌన్ కడపలో పనిచేశాడు. ఆయన 1884లో చనిపోయాడు. కాబట్టి "బ్రౌన్ హ్యాజ్ లివ్డ్ ఇన్ కడప" చెల్లదు. ఆ జీవితం ముగిసింది, "బ్రౌన్ లివ్డ్ ఇన్ కడప" అనాలి. కర్తగా ఆయనకు బదులు ఆయన చేసిన పనిని పెడితే తలుపు మళ్లీ తెరుచుకుంటుంది: "బ్రౌన్స్ డిక్షనరీ హ్యాజ్ హెల్ప్‌డ్ మెనీ స్టూడెంట్స్". నిఘంటువు నేటికీ బతికే ఉంది, వాడేవాళ్లూ ఉన్నారు.

"హ్యాజ్ బీన్ కంప్లీటెడ్", "హ్యాజ్ బీన్ కంప్లీటింగ్" మధ్య తేడా?

బీన్ తర్వాత వీ3 ఉంటే ప్యాసివ్, ఐఎన్‌జీ ఉంటే కంటిన్యుయస్. "యువర్ అప్లికేషన్ హ్యాజ్ బీన్ అప్రూవ్డ్" అని ఫోనుకు మెసేజ్ వస్తుంది. అప్లికేషన్ తనంతట తాను ఏమీ చేయదు, ఎవరో ఆమోదించారు. "ద క్లర్క్ హ్యాజ్ బీన్ చెకింగ్ ద ఫారమ్స్" అంటే గుమాస్తా పరిశీలిస్తూ ఉన్నాడు.

యాక్టివ్‌ను ప్యాసివ్‌లోకి మార్చేటప్పుడు బీన్ మరిచిపోవడమే ఎక్కువ. "దే హ్యావ్ రిపేర్డ్ ద మోటర్" అనేది "ద మోటర్ హ్యాజ్ బీన్ రిపేర్డ్" అవుతుంది. దే పోయి మోటర్ కర్త అయింది కాబట్టి హ్యావ్ హ్యాజ్‌గా మారిన సంగతి కూడా చూసుకోండి. పర్ఫెక్ట్ కంటిన్యుయస్‌కు ప్యాసివ్ వాడుకలో లేనట్టే. "హ్యాజ్ బీన్ బీయింగ్" అని రాయాల్సిన అవసరం మీకు రాదు.

"ఐ హ్యాడ్ గాన్ టు తిరుపతి యెస్టర్‌డే" సరైనదేనా?

కాదు, "ఐ వెంట్ టు తిరుపతి యెస్టర్‌డే". ఈ తప్పు కూడా మన నోట్లోంచే వస్తుంది. "నిన్న తిరుపతికి పోయింటిని" అంటాం కదా, ఆ "ఇంటిని"ని హ్యాడ్ చేసేస్తాం. హ్యాడ్ గాన్ రావాలంటే గతంలో ఇంకొక సంఘటన ఉండాలి, దానికన్నా ఇది ముందు జరిగి ఉండాలి: "వెన్ యు కేమ్, ఐ హ్యాడ్ గాన్ టు తిరుపతి". ఒక్క సంఘటనే ఉంటే హ్యాడ్ జోలికి పోవద్దు. "ఇంతసేపూ యాడికి పోయింటివి?" అని అప్పుడే ఇంటికి చేరినవాడిని అడిగితే మాత్రం ఇంగ్లీషులో ప్రెజెంట్ పర్ఫెక్టే: "వేర్ హ్యావ్ యు బీన్?"

అమెరికావాళ్లు "డిడ్ యు ఈట్ యెట్?" అంటారు. మేమూ అనొచ్చా?

అమెరికన్ మాటలో జస్ట్, ఆల్రెడీ, యెట్‌లతో సింపుల్ పాస్ట్ మామూలే. బ్రిటిష్ పద్ధతిలో "హ్యావ్ యు ఈటెన్ యెట్?" మన పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షలు బ్రిటిష్ పద్ధతి మీద నడుస్తాయి కనుక పరీక్షలో రెండోదే రాయండి. అమెరికన్ కంపెనీ వాళ్లతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఏదైనా ఒకటే. సిన్స్, ఫర్ విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. అక్కడ అమెరికా పేరు చెప్పి తప్పించుకోలేరు.

వీ3 రూపాల్లో ఎక్కువగా తప్పుతున్నవి ఏవి?

హ్యావ్ తర్వాత వీ2, అంటే సింపుల్ పాస్ట్ రూపం, పెట్టేయడం: "హ్యావ్ వెంట్", "హ్యాజ్ కేమ్", "హ్యావ్ ఏట్", "హ్యావ్ రోట్". సరైనవి గాన్, కమ్, ఈటెన్, రిటెన్. కమ్, రన్, బికమ్ మూడింటిలో వీ3 మళ్లీ వీ1 లాగే ఉంటుంది. కట్, పుట్, హిట్ ఎక్కడా మారవు. రీడ్‌కు స్పెల్లింగ్ మారదు, పలకడం మారుతుంది: "ఐ హ్యావ్ రెడ్ ఇట్".

రెండు వందల క్రియల పట్టిక బట్టీ పట్టడం కన్నా రోజుకు ఐదు తీసుకుని, ఒక్కోదానితో ఆ రోజు మీరు నిజంగా చేసిన పని గురించి ఒక వాక్యం రాయడం మేలు. రేపటికి గుర్తుండేది ఆ వాక్యమే.

పరీక్షలో టైము తక్కువ. ఎర్రర్ స్పాటింగ్‌లో ఏ వరుసలో చూడాలి?

ముందు కాలం చెప్పే మాటను పట్టుకోండి. అది ముగిసిన కాలమైతే క్రియ సింపుల్ పాస్ట్‌లో ఉందా చూడండి. సిన్స్ లేదా ఫర్ ఉంటే ముందు బిందువా నిడివా అని తేల్చుకుని, తర్వాత క్రియలో హ్యావ్ ఉందా లేదా చూడండి. ఫర్ ఉన్నంత మాత్రాన పర్ఫెక్ట్ అనుకోవద్దు: "ఐ లివ్డ్ ఇన్ కర్నూల్ ఫర్ త్రీ ఇయర్స్" అంటే ఒకప్పుడు మూడేళ్లున్నాను, ఇప్పుడు లేను, అది సరైన వాక్యమే. తర్వాత హ్యావ్, హ్యాజ్ కర్తకు సరిపోయాయా. ఆఖరున వీ3 రూపం. కాలం మాటేదీ లేని వాక్యంలో తప్పు ఉందంటే అది ఎక్కువగా ఈ చివరి రెండిట్లోనే దొరుకుతుంది.

వింటున్నప్పుడు హ్యాజ్ వినపడదు. "హీజ్" అంటే హి ఈజా, హి హ్యాజా?

వెనక వచ్చే మాటను బట్టి తెలుస్తుంది. "హీజ్ గోయింగ్" అంటే ఈజ్. "హీజ్ గాన్ టు వర్క్", "హీజ్ బీన్ ఇల్" అంటే హ్యాజ్. బీన్ వినపడితే అది తప్పకుండా హ్యాజే. ఐ హ్యావ్ అనేది "ఐవ్"గా, వి హ్యావ్ "వీవ్"గా కుదించుకుపోతాయి. పొట్టి జవాబులో మాత్రం కుదించకూడదు. "హ్యావ్ యు పెయిడ్?" అంటే "యెస్, ఐ హ్యావ్" అని పూర్తిగా పలకాలి, "యెస్, ఐవ్" అని ఆపేయకూడదు. లేదు అనేటప్పుడు "నో, ఐ హ్యావెంట్" సరే.